జీవగడియారం: తిరుపతి తేలు నుండి హైదరాబాదు ప్రయోగశాల వరకు

అహోరాత్రాన్ని మన పూర్వులు ఎనిమిది జాములుగా విభజించారు. మా ఉర్దూ మాధ్యమ మిత్రులు దానినే ‘పహర్’ అంటారు. వారి లెక్కలోనూ దినానికి ఎనిమిదే పహర్‌లు. జామును మరింత చిన్నదిగా కోసి గడియ అన్నారు. ఇరువది నాలుగు నిమిషాలు ఒక గడియ, అరువది గడియలు ఒక దినం. గోడకు వ్రేలాడే యంత్రానికి గడియారమనే పేరు అక్కడినుండే వచ్చినది. అయితే ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది గోడమీది గడియారాన్ని గురించి కాదు. ప్రాణి శరీరంలో, అందునా నాడీమండలంలో, ఎవరూ కీ ఇవ్వకుండానే నడిచే గడియారాన్ని గురించి. దానిని తెలుగునాట ప్రయోగశాలలలో వెదకిన శాస్త్రజ్ఞులను గురించి.

ఈ విషయం మా తరగతి గదిలో ఎట్లా మొదలైనదో ముందుగా చెప్పవలసి ఉన్నది. మా విద్యార్థులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుండి, వాటి చుట్టుప్రక్కల పల్లెల నుండి వస్తారు. జంతుశాస్త్రం పాఠంలో నిద్ర ప్రస్తావన రాగా, మిర్యాలగూడ నుండి వచ్చే ఒక విద్యార్థి లేచి, తన తండ్రి రైసుమిల్లులో పన్నెండు సంవత్సరాలుగా రాత్రిపాళీ చేస్తున్నాడనీ, ఇన్నేళ్లయినా పగలు మూడు నాలుగు గంటలకు మించి నిద్రపట్టదనీ, ఇంతకాలానికి కూడా శరీరానికి అలవాటు కాకపోవడానికి కారణమేమిటనీ అడిగినాడు. మేము అప్పటికి ఏదో సమాధానం చెప్పి కూర్చోబెట్టినాము గాని, అది మాకే సంతృప్తి కలిగించలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం వెదకగా తేలిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

సాయంకాలం చింతచెట్టు ఆకులు ముడుచుకొనడం మన పల్లెలో చూడనివారుండరు. పొద్దు పోతే ముడుచుకొంటాయి, పొద్దు పొడిస్తే విచ్చుకొంటాయి. కాబట్టి వెలుతురే దీనికి కారణమని ఎవరికైనా తోస్తుంది. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు దె మేరాఁ అట్లా సరిపుచ్చుకొనక, అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి చూచినాడు. వెలుతురు సోకకపోయినా ఆకులు పగటివేళ విచ్చుకొని, రాత్రివేళ ముడుచుకొన్నాయి. మేమును విద్యార్థుల చేత ఒక అత్తిపత్తి కుండీని సామాను గదిలోని బీరువాలో పెట్టించినాము. మొదటి దినం ఫలితం చక్కగానే కనబడినది. రెండవనాడు నీరు పోయడం అందరమూ మరచిపోయినందువల్ల మొక్క వాడిపోయి ప్రయోగం అంతటితో ముగిసినది. దె మేరాఁ కుండీకి నీరు పోసినవారు ఎవరో గాని వారికి మేము నమస్కరిస్తున్నాము.

చీకటిలోనూ నిలిచే ఈ లయకు 1959లో ఫ్రాంజ్ హాల్బర్గ్ ‘సర్కేడియన్’ అని పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో దానికి ‘సుమారు ఒక దినం’ అని అర్థం. ఆ ‘సుమారు’ అన్న మాటలోనే కీలకమున్నది. బయటి సూచనలు ఏవీ అందకుండా ఉంచిన ప్రాణి తన దినాన్ని సరిగ్గా 24 గంటలుగా గాక, కొంచెం ఎక్కువగానో తక్కువగానో లెక్కిస్తుంది. 1999లో అమెరికాలో చార్లెస్ జైస్లర్ బృందం కొలిచి చూడగా మానవుని దినం సగటున 24 గంటల 11 నిమిషాలని తేలినది. ప్రతి ఉదయం సూర్యకాంతి ఆ అదనపు నిమిషాలను సరిదిద్దుతూ ఉంటుంది. మన ముసలమ్మ తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనుకొన్నది గదా! 2013లో జపాను శాస్త్రజ్ఞులు మందమైన వెలుతురులో ఉంచిన కోడిపుంజులను పరిశీలించి, తెల్లవారడం కనబడకపోయినా అవి తమ వేళకు కూస్తాయని చూపినారు. అంటే, కోడికి తెల్లవారేది ముందుగా దాని లోపలనే.

ఇక మన దేశపు కథ. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడినది. అక్కడి జంతుశాస్త్ర శాఖలో శరీరధర్మశాస్త్ర పరిశోధనకు పేరు తెచ్చినవారు ఆచార్య కె. పంపాపతి రావు. ఆయన అంతకు ముందు అమెరికాలోని కాలిఫోర్నియాలో, నాడీశాస్త్రంలో ప్రసిద్ధుడైన థియొడోర్ బుల్లక్‌తో కలిసి పనిచేశారు. చల్లని రక్తం గల ప్రాణులపై ఉష్ణోగ్రతా ప్రభావాన్ని గురించి వారిద్దరూ వ్రాసిన వ్యాసం 1954లో వెలువడినది. అదే సంవత్సరం పంపాపతి రావు ఒంటరిగా ప్రకటించిన మరొక వ్యాసం మన విషయానికి మరింత దగ్గరిది.

సముద్రపు ఒడ్డున రాళ్లకు అతుక్కొని జీవించే మైటిలస్ అనే ఆలిచిప్ప ఒకటి ఉన్నది. అది నీటిని లోనికి పీల్చి, ఆహారాన్ని వడగట్టుకొని, నీటిని బయటికి నెడుతుంది. పోటు వేళ ఎక్కువ నీటిని, పాటు వేళ తక్కువ నీటిని నెడుతుంది. ఇందులో వింత లేదు. వింతయేమనగా, ఆ ఆలిచిప్పలను తెచ్చి ప్రయోగశాలలోని తొట్టిలో, పోటు పాటులు లేని నిశ్చలమైన నీటిలో ఉంచినా వారాల తరబడి తాము పుట్టిన ఒడ్డున పోటు వచ్చే వేళకే అవి చురుకుగా పనిచేశాయి. అమెరికా ఖండపు తూర్పు తీరం నుండి పడమటి తీరానికి తెచ్చినవి కూడా మొదట తమ సొంత ఒడ్డు వేళనే పాటించాయి. పడమటి సముద్రపు పోటు పాటులలో ఉంచిన పిమ్మట గాని వాటి లయ క్రొత్త వేళకు మారలేదు. కాపురం మారినా పుట్టింటి వేళ కొంతకాలం మరువలేకపోవడం ఆలిచిప్పకూ తప్పలేదు! పరిహాసానికి అంటున్నాము గాని, మిల్లు కార్మికుని ప్రశ్నకు సమాధానంలో సగం ఇక్కడనే ఉన్నది. గడియారం లోపలిదే, కాని దాని ముల్లును త్రిప్పే చేయి బయట ఉన్నది. ఆ చేయి పదే పదే తగిలితేనే ముల్లు కదులుతుంది.

తిరుపతిలో ఆయనకు సముద్రం లేదు. ఉన్నవి తేళ్లు. రాయలసీమ రాళ్ల సందులలో, బొరియలలో నివసించే పెద్ద నల్లతేలును మనవారు మండ్రగబ్బ అంటారు. దానిలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెటరోమెట్రస్ ఫుల్విపెస్. ఇది పగలంతా కదలక పడి ఉండి, పొద్దుగూకిన తరువాత బయటికి వస్తుంది. దాని నాడీవ్యవస్థ పొట్ట ప్రక్కగా సాగే ఒక త్రాడు. దారానికి ముడులు వేసినట్లు అక్కడక్కడ నాడీగ్రంథులు ఉంటాయి. ఎలుక మెదడులోని కోట్లాది కణాలతో పోలిస్తే ఎంతో సరళమైనది, చేతికి చిక్కేది. ఖరీదైన విదేశీ జంతువులను తెప్పించుకొనలేని ప్రయోగశాలకు ఊరి చుట్టూ దొరికే తేలును మించిన వరమేమున్నది? పేదరికమే కొన్నిసార్లు మంచి ఎంపికకు దారి చూపుతుందని ఈ సందర్భంలో మాకు తోచినది.

1964లో పంపాపతి రావు ఈ తేలు నాడీధర్మాలను గురించి వ్యాసం ప్రకటించారు. అటు తరువాత ఆయనా, ఆయన శిష్యులూ, సహచరులూ ఒకే ప్రశ్నను పలుదిక్కుల నుండి తరచి చూచినారు. రాత్రి నడిచే తేలు శరీరంలో రాత్రి లయ ఎక్కడెక్కడ కనబడుతుంది? 1967లో గోవిందప్పతో కలిసి ఆయన, తేలు కండరాలలో శక్తి ఉత్పత్తికి తోడ్పడే డీహైడ్రోజినేజ్ ఎంజైముల చురుకుదనం దినంలో వేళను బట్టి మారుతున్నదని చూపినారు. 1968లో వేంకటాచారి, మురళీకృష్ణ దాస్ అనే పరిశోధకులు నాడీత్రాడులోని కోలినెస్టరేజ్ అనే ఎంజైముకూ అటువంటి లయ ఉన్నదని ప్రకటించారు. ఈ ఎంజైము పని ఏమిటో విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఒక నాడీకణం మరొకదానికి వార్త పంపుటకు విడుదల చేసే ఎసిటైల్‌కోలిన్‌ను పని ముగియగానే విరిచివేయడం దాని విధి. అది వేళను బట్టి మారుతున్నదంటే, నాడుల మధ్య సంభాషణయే వేళను బట్టి మారుతున్నదన్నమాట.

వీటన్నిటిలో ఎక్కువమంది దృష్టికి వచ్చినది 1967లో గోపాలకృష్ణా రెడ్డితో కలిసి పంపాపతి రావు వ్రాసిన చిన్న వ్యాసం. అది లండను నుండి వెలువడే ‘నేచర్’ పత్రికలో అచ్చయినది. చురుకుదనపు దైనందిన లయలలో రక్తం ద్వారా ప్రసరించే కారకాల పాత్రను గురించినది ఆ వ్యాసం. నాడీత్రాడు తనంతట తానే వేళ తెలుసుకొంటున్నదా, లేక రక్తంలో ప్రవహించే ఏదో పదార్థం ‘వేళ అయినది’ అని దానికి చాటింపు వేస్తున్నదా? గడియారం ఒకచోట ఉన్నా, గంట శబ్దం ఊరంతా వినబడాలి గదా. ఆ శబ్దం ఏ రూపంలో శరీరమంతటా చేరుతుందన్నదే ఆనాటి ప్రశ్న. ఎలుక మెదడులో గడియార స్థానం ఇంకా గుర్తింపబడని కాలంలో, తిరుపతిలో ఈ ప్రశ్న ఇంత స్పష్టంగా వేయబడినదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? మా పాఠ్యపుస్తకాలలో తేలు విషం గురించి చదివినాము గాని తేలు గడియారం గురించి ఒక్క వాక్యమూ చదివిన జ్ఞాపకం లేదు. ఇది మాకు కొంత బాధ కలిగించిన విషయం.

గడియార స్థానం 1972లో దొరికినది. అమెరికాలో రెండు బృందాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎలుక మెదడు అడుగుభాగంలోని ఒక చిన్న చోటును నాశనం చేయగా ఎలుకల దైనందిన లయలు చెదిరిపోయినవి. కళ్ల నుండి వచ్చే దృష్టినాడులు రెండూ ఒకదానినొకటి దాటుకొనే చోటికి సరిగ్గా పైన, కుడియెడమల ఒక్కొక్కటిగా ఉన్న ఆ కణసముదాయానికి సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని పేరు. పేరు పొడవు గాని వస్తువు చిన్నది. రెండు ప్రక్కలా కలిపి సుమారు 20,000 నాడీకణాలు మాత్రమే. దృష్టినాడుల మీదనే కూర్చుండుటలో ప్రకృతి ఉద్దేశం స్పష్టం. వెలుతురు వార్త తొలుత చేరవలసినది అక్కడికే. ఆ వార్తను మోసేవి చూపుకు పనికివచ్చే మామూలు కణాలు మాత్రమే కావు. మెలనాప్సిన్ అనే పదార్థం గల ప్రత్యేక కణాలు కంటి తెరలో ఉన్నాయని, అవి నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తాయని ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో తెలిసినది.

ఒక్కొక్క కణం లోపల వేళ ఎట్లా నడుస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఈగల నుండి వచ్చినది. 1971లో కొనోప్కా, బెంజర్ పండ్ల ఈగలో దినాన్ని పొడిగించే, కుదించే, పూర్తిగా చెరిపివేసే మార్పులను ఒకే జన్యువులో కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీను క్రమంగా పేరుకొని, చివరకు ఆ జన్యువు పనినే ఆపివేస్తుంది. ప్రోటీను కరగిపోగానే జన్యువు మరల మేల్కొంటుంది. కుండ నిండితే ధార ఆగడం, ఖాళీ అయితే ధార మొదలుకావడం వంటిది. ఈ చక్రం ఒకసారి తిరుగుటకు పట్టే కాలమే సుమారు ఒక దినం. ఈ పనికి హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించినది.

తెలుగునాట ఈ కథ తిరుపతితో ఆగలేదు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య అనితా జగోటా నాడీజీవశాస్త్ర ప్రయోగశాలను నడిపి, జీవగడియారాన్ని, ముఖ్యంగా వార్ధక్యంతో దానికి కలిగే మార్పులను పరిశోధించారు. ఆమె పేరు అంతర్జాతీయంగా వినబడినది 2000లో. అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య విశ్వవిద్యాలయంలో విలియం ష్వార్ట్జ్, దె లా ఇగ్లేసియాలతో కలిసి ఆమె చేసిన ప్రయోగం ఆ ఏడు ‘నేచర్ న్యూరోసైన్స్’ పత్రికలో వెలువడినది. దాని అందం కత్తి పట్టిన కోణంలో ఉన్నది. హామ్‌స్టర్ అనే చిన్న జంతువు మెదడును అందరూ నిలువుగా కోసి చూచేవారు; అట్లా కోసిన ముక్కలో నాడీకణాల విద్యుత్ చర్య దినానికి ఒక్క శిఖరాన్నే చూపేది. వీరు అడ్డంగా కోసి చూడగా రెండు శిఖరాలు కనబడినాయి. ఒకటి ఉదయానిది, ఒకటి సాయంకాలానిది. పగటి పొడవును మారిస్తే వాటి వేళలు కూడా మారినాయి. గడియారం ఒక్కటి కాదు, తెల్లవారడాన్ని చూచేది ఒకటి, ప్రొద్దుగుంకడాన్ని చూచేది ఒకటి ఉండవచ్చునని 1976లోనే పిటెన్‌డ్రై, డాన్ ఊహించి ఉన్నారు. ఆ ఊహకు మెదడు ముక్కలోనే ఆధారం దొరికినది. వేసవిలో పొద్దు ఎక్కువ, చలికాలంలో పొద్దు తక్కువ అన్న సంగతి శరీరానికి ఎట్లా తెలుస్తుందో దీనివల్ల కొంత బోధపడుతుంది.

హైదరాబాదులో ఆమె పని ఎక్కువగా ఎలుకలపై సాగినది. మూడు నెలల, పన్నెండు నెలల, ఇరువది నాలుగు నెలల వయస్సు గల ఎలుకలను పోల్చినారు. మన లెక్కలో యువకులు, నడివయసువారు, వృద్ధులు అనుకొనవచ్చును. వయస్సు పెరిగిన కొలదీ గడియార స్థానంలో సెరటోనిన్ అనే రసాయనపు దైనందిన లయ చెదురుతుంది. గడియార జన్యువుల లయలూ మారుతాయి. రాత్రి చీకటిలో పీనియల్ గ్రంథి నుండి వెలువడే మెలటోనిన్‌ను చీకటి పడుటకు ఒక గంట ముందు ముసలి ఎలుకలకు ఇవ్వగా ఈ లయలలో కొన్ని తిరిగి కుదుటపడినాయి. అన్నీ కాదు, ఏ జన్యువు ఏ వయస్సులో ఎంతవరకు అన్నది వేరువేరుగా తేలినది. మాకు ఇందులో నచ్చినది ఈ నిజాయితీయే. ముసలితనానికి మందు దొరికినదని చాటించుకొనడం ఎంత సులభమో! 2007లో ప్రకటించిన మరొక పరిశోధనలో, మద్యం వల్ల ఎలుకలలో చెదిరిన లయలపై పసుపులోని కర్క్యుమిన్ ప్రభావాన్ని పరీక్షించారు. వంటింటి పసుపు డబ్బా వైపు ఇప్పుడే పరుగెత్తవద్దని మా విన్నపం. అవి కొలిచి ఇచ్చిన మోతాదులు, ఎలుకలకు ఇచ్చినవి. రొటెనోన్ అనే పురుగుమందుతో పార్కిన్‌సన్ వ్యాధి వంటి స్థితిని కలిగించిన ఎలుకలలో లయలు ఎట్లా చెడుతాయన్నది కూడా అక్కడ పరిశీలింపబడినది. చేతులు వణికే ఆ వ్యాధిలో నిద్ర చెడడం సామాన్యమని వైద్యులకు తెలిసినదే.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వస్తాము. పన్నెండేళ్లయినా శరీరానికి ఎందుకు అలవాటు కాలేదు? విమానంలో దూరదేశం వెళ్లినవాని గడియారం దినానికి సుమారు ఒక గంట చొప్పున జరుగుతూ కొన్నాళ్లకు అక్కడి వేళకు కుదురుతుంది. ఎందుకంటే అక్కడి సూర్యుడు కూడా దానికి తోడ్పడుతాడు. మిల్లు కార్మికునికి సూర్యుడు తోడ్పడడు, అడ్డుపడుతాడు. రాత్రంతా బాయిలరు దగ్గర, మందమైన దీపం క్రింద పనిచేసి, ఉదయం ఆరు గంటలకు సైకిలు మీద ఇంటికి వచ్చేవేళకు తూర్పున ఎర్రని పొద్దు కంటికి ఎదురుగా ఉంటుంది. కంటిలోని ఆ ప్రత్యేక కణాలు ‘తెల్లవారినది’ అని గడియారానికి వార్త పంపుతాయి. రాత్రి ఎనిమిది గంటల పాటు ముల్లు కొంచెం జరిగితే ఉదయపు అరగంట దానిని మళ్లీ వెనుకకు లాగుతుంది. పైగా సెలవునాడు అతడు ఇంటివారితో కలిసి పగలు మేలుకొని రాత్రి నిద్రిస్తాడు. శాశ్వతంగా రాత్రిపాళీ చేసేవారిపై జరిగిన పరిశోధనలను 2008లో సైమన్ ఫోకార్డ్ సమీక్షించగా, మెలటోనిన్ లయ పూర్తిగా రాత్రిపనికి అనుగుణంగా మారినవారు 3 శాతం కంటె తక్కువ అని తేలినది. కాబట్టి మా విద్యార్థి తండ్రి లోపం లేనివాడు. ఆయన శరీరం తన ధర్మాన్ని సరిగ్గానే నెరవేరుస్తున్నది. ఈ పని తేలికైనది కాదని ప్రపంచమూ గుర్తించినది. లయలను చెదరగొట్టే రాత్రిపాళీ క్యాన్సరుకు బహుశా కారణం కాగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో మరల పరిశీలించి అదే అభిప్రాయాన్ని నిలుపుకొన్నది. యాసంగి ధాన్యం వచ్చే దినాలలో మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు బారులు తీరుతాయి. లోపల పాళీ వెంట పాళీ నడుస్తుంది. ఆ బియ్యం తినే మనమెవ్వరమూ ఈ లెక్కను వేసి చూడలేదు.

హైదరాబాదు–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. తెల్లవారుజామున మూడు నుండి ఐదు గంటల మధ్య మన శరీర ఉష్ణోగ్రత కనిష్ఠానికి దిగుతుంది, మెలకువ అన్నిటికంటె బలహీనంగా ఉంటుంది. 1995లో బ్రిటన్‌లో హోర్న్, రేనర్ అనే పరిశోధకులు నిద్రమత్తు వల్ల జరిగిన వాహన ప్రమాదాలను వేళలవారీగా లెక్కించగా, అవి రాత్రి రెండు గంటల ప్రాంతంలో, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో, మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో ఎక్కువగా కనబడినాయి. రోడ్డు ప్రక్క హోటలులో ముఖం కడుగుకొని టీ త్రాగే లారీ డ్రైవరు ఈ వేళలను పుస్తకం చదవకుండానే ఎరుగును. అయినా లోడు దింపవలసిన గడువు అతని శరీర ఉష్ణోగ్రతను అడిగి నిర్ణయింపబడదు గదా.

ఆహారం సంగతి వేరు. కాలేయానికి తన గడియారం తనకున్నది. వెలుతురు కంటె భోజనపు వేళ దానిని ఎక్కువగా త్రిప్పుతుందని ఎలుకలపై ప్రయోగాలు చూపినాయి. రంజాన్ మాసంలో సహరీకి లేచి, సూర్యాస్తమయానికి ఇఫ్తార్ చేసే మా విద్యార్థులు నెల చివర, ఈద్ తరువాత కూడా కొన్నాళ్లపాటు తెల్లవారుజామునే ఆకలి మేల్కొలుపుతుందని చెబుతారు. మెదడు సూర్యుని వేళను, కడుపు భోజనపు వేళను పాటిస్తూ ఒకే శరీరంలో కొంతకాలం రెండు వేళలు నడవడం ఇందుకు కారణం కావచ్చునని మా ఊహ.

పరీక్షల కాలంలో రాత్రి రెండు గంటల వరకు చదివే మా విద్యార్థులను పెద్దలు సోమరులని మందలించడం కూడా పూర్తిగా న్యాయం కాదు. యౌవనంలో జీవగడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుందని, సుమారు ఇరువది ఏళ్ల వయస్సులో ఆ ఆలస్యం పరాకాష్ఠకు చేరి అటుపై తగ్గుతుందని 2004లో జర్మనీలో రోనెబర్గ్ బృందం చూపినది. అయితే రాత్రి చేతిలోని సెల్‌ఫోను వెలుతురు ఆ ఆలస్యాన్ని మరింత పెంచుతుంది. అది ముఖానికి జానెడు దూరంలో నిలిచి మెలటోనిన్‌ను ఆలస్యం చేస్తుంది. ఈ భాగాన్ని మా విద్యార్థులు తమకు అనుకూలమైన సగం వరకే చదివి ఆపివేస్తారేమోనన్న అనుమానం మాకు లేకపోలేదు.

ఈ సంగతులన్నీ తరగతిలో చెప్పిన మరునాటినుండి మిర్యాలగూడ విద్యార్థి ఇంట ఒక చిన్న మార్పు జరిగినదని తరువాత తెలిసినది. తండ్రి ఉదయం ఇంటికి వచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకొంటున్నాడు. తోటి హమాలీలు మొదట సినిమా హీరో అని నవ్వినారట. పడుకొనే గది కిటికీకి మిల్లులోని చిరిగిన గోనెసంచులు రెండు కుట్టి కట్టినారు. నిద్ర ఎన్ని గంటలకు పెరిగినదని మేము అడిగినాము. ‘‘గంటసేపు ఎక్కువ పడుకొంటున్నాడు సార్, కాని ఆదివారం మళ్లీ మొదటికే వస్తుంది’’ అన్నాడు.